కాగితం మాడాలి

ఫిల్మ్‌నగర్‌లో వేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ సెట్టు మీద, ఎర్రగా వెలగాల్సిన అక్షరాలు వంకాయ రంగు తిరిగి రెపరెపలాడుతున్నాయి. లక్ష్మయ్య నిచ్చెన దిగాడు. ముప్పై ఏళ్లుగా గాజుగొట్టాలు వంచి నియాన్ బోర్డులు చేస్తున్న మనిషి. అతుకులో సందుండి గాలి చొరబడిందనుకున్నాడు. ఈ మధ్య వేళ్లు వణుకుతున్నాయి. చేతి పనితనం పోయిందేమోనని భయపడ్డాడు.

"ఒంటిగంటకి షాటండీ లక్ష్మయ్యగారూ. కుదరకపోతే చెప్పండి, రంగులేసిన మామూలు బోర్డు పెట్టేస్తాం," అన్నాడు ఆర్ట్ డైరెక్టర్ వెంకటేశ్వరరావు.

"తెస్త," అని గొట్టం విప్పుకొని షేక్‌పేటలోని తన షెడ్డుకు వచ్చాడు.

కూతురు స్ఫూర్తి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, అందరిలాగే అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకుంటోంది. అతుకులో సందుందేమోనని ఆయన అంటే, గొట్టం వెలిగించి చూసింది.

"లోపల గాలుంది నాయినా. నియాన్‌ది ఒంటి పరమాణువు, గోలీ లెక్క. మెల్లగ పోయే ఎలక్ట్రాన్ తగిలినా దాని జోరు గుంజుకోదు. జోరు పెరిగి పెరిగి ఒక్కసారి గట్టిగ కొడితే ఎర్రగ వెలుగుతది. గాలిల అణువులు గట్ల కాదు, జంటలు. తగిలితే చాలు, ఊగుతయి, తిరుగుతయి. ఎలక్ట్రాన్ జోరంత ఆ ఊగుడుకే పాయె."

"యూసుఫ్‌గూడల నేను చాయ్‌కు పోతుంటే తెలిసినోళ్లు అడుగడుగున ఆపి ముచ్చట పెట్టినట్టు?"

"అగో, గట్లనే! ఇగ చాయ్ దాంక ఎన్నడు పోతవ్?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"గ్యాసు నింపేముందు గాజును కాల్చినవ్ గద? కాగితం మాడిందా?"

పెద్ద కరెంటు పంపి గాజును కాలిస్తేనే దాన్ని అంటిపెట్టుకున్న గాలి వదులుతుంది. పైన పెట్టిన కాగితం మాడితే కాలినట్టు లెక్క. నిన్న నడిమధ్యలో కరెంటు పోయింది. వచ్చాక గాజును చేత్తో తాకి, వేడిగానే ఉందని గ్యాసు నింపేశాడు.

"కాగితం పెట్టలే," అన్నాడు నేల చూస్తూ.

"మరింక? కాలక గాజుల మిగిలిన గాలే గావచ్చు. అతుకు సంగతి గిప్పుడే తేలుతది."

మళ్లీ గొట్టాన్ని పంపుకు తగిలించి కాల్చాడు. కాగితం అంచు గోధుమరంగు తిరిగి పొగ లేచింది. గాలంతా లాగేసి పంపు ఆపాడు. సందుంటే గాలి చొరబడి, పంపు మీటరులో ముల్లు పైకి పాకాలి. ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు. ముల్లు అడుగునే నిలబడింది.

లక్ష్మయ్య స్టూలు మీద కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. అతుకును బొటనవేలితో ఒకసారి నిమిరి, మళ్లీ నియాన్ నింపాడు.

పన్నెండు ముప్పావుకు, స్ఫూర్తి కూడా పక్కన నిలబడి చూస్తుండగా, సెట్టు మీద అక్షరాలు మిరపపండులా వెలిగాయి.

"ఇందాక ఏమైందండీ దీనికి?" అన్నాడు వెంకటేశ్వరరావు.

"నా తొందర," అన్నాడు లక్ష్మయ్య. వేళ్లు ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి. దాచుకోలేదు.

"పా బిడ్డా, యూసుఫ్‌గూడల చాయ్ తాగుదాం," అన్నాడు. "ఎవలు ఆపినా ఆగుదాం."