సగం గీత దగ్గర జనం

చలికాలం పొద్దున్నే మైదానంలో తండ్రి అడుగులు చూసి రావడం హోహెపాకి అలవాటు. తండ్రి పావోరా చనిపోయి పదకొండేళ్ళయింది. అయినా మంచు పేరుకున్న ప్రతిరోజూ ఈ చివర మొదలుపెట్టి, మైదానాన్ని రెండుగా చీల్చే సగం గీత దాకా పరుగెత్తుతాడు. రగ్బీ బూట్ల గుర్తులు అక్కడ ఆగిపోతాయి.

"మీ నాన్న ఎడమకాలు ఈడుస్తున్నాడే," అన్నాడు పాలబండి మెక్రే.

"చలికి కీళ్ళు పట్టేసుంటాయి."

ఎందుకు ఆగాడో ఊరందరికీ తెలుసు. న్యూజీలాండ్ జట్టుకి ఎంపికై, పెట్టె సర్దుకున్నాక, దక్షిణాఫ్రికా తెల్లదొరలు మనలాంటి మూలవాసుల్ని, మావోరీలని రానివ్వరు, నువ్వు ఉండిపో అన్నారు. జట్టు సిగ్గులేకుండా వెళ్ళింది.

ఇప్పుడు ఆ దొరల జట్టే ఇక్కడికొస్తోంది. శనివారం ఈ మైదానంలోనే ఆట. సున్నపు గీతలు వెయ్యాల్సింది మైదానం బాగోగులు చూసే హోహెపా. వెయ్యకపోతే ఉద్యోగమూ, దాంతో వచ్చిన క్లబ్బు ఇల్లూ పోతాయి.

వంటింట్లో కూతురు రిపేకా దుప్పటి మీద పెద్దక్షరాలు రాస్తోంది: 'మెడ మీద కాలేసి ఆడేది ఆట కాదు.'

"అది నా దుప్పటి కాదుటే?"

"ప్రజలది, నాన్నా."

"జూలై నడిచలికాలంలో ప్రజల్ని కప్పుకోమంటావా?"

"నువ్వు గీసే ప్రతి గీతా అక్కడ నల్లవాళ్ళని తోసిన జైలు గోడకి ఇటుక!"

"నీ నెత్తిమీద కప్పు నిలబడింది ఆ గీతల మీదే, తల్లీ."



శనివారం తెల్లారేసరికి సున్నం బండి తోసుకుంటూ వెళ్ళి నిలబడిపోయాడు. పావోరా అడుగులకి ఎదురుగా, అవతలి చివరనుంచి, వందల అడుగులు. అన్నీ వట్టి పాదాలు. పిల్లలవి, ముసలివాళ్ళవి, ఒకదాని పక్కన ఊతకర్ర గుంట. అంతా సగం గీత దగ్గరికొచ్చి పావోరా ముందు నిలబడ్డారు.

"ఊఁ, కానీ," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు బ్రాడక్.

"జనం ఉన్నారు."

బ్రాడక్ చూశాడు. "కాస్త జరగమను."

"నువ్వే అను. మా నాన్నకి ఒకసారి అలాగే చెప్పారు, పాపం జరిగాడు."

కూర్చున్నవాళ్ళ కాళ్ళు దాటినా తప్పేనని నేర్పిన తల్లి కడుపున పుట్టాడు హోహెపా. నిలబడ్డవాళ్ళ కాళ్ళ మీద సున్నం పొయ్యడం అతని వల్ల కాలేదు. బండి వదిలేశాడు. బ్రాడక్ కోపంగా బండి అందుకుని రెండడుగులు వేశాడు. మూడోది పెట్టడానికి చోటు దొరకలేదు.

ఎండ వచ్చింది. మంచు కరగలేదు. గీతల్లేని మైదానంలో విజిల్ ఊదనన్నాడు రిఫరీ. మధ్యాహ్నానికి ఆట రద్దయింది, సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది.

"నావల్లేనా నాన్నా?" అంది రిపేకా. నినాదాలన్నీ ఏమయ్యాయో, గొంతు చిన్నదైపోయింది.

"ఎప్పుడూ నీ గొప్పేనా? పద. పక్క ఊళ్ళో బుధవారం ఇంకో ఆట ఉందిగా."

వాళ్ళ సామాను మెక్రే తన పాకలో దించుకున్నాడు. బుధవారం పొద్దున్న నిరసన ఊరేగింపు ముందు వరసలో హోహెపా నడిచాడు. బయల్దేరింది నలభైమందే. వాళ్ళ వెనక రోడ్డు మీది మంచులో పడ్డ అడుగుల్ని లెక్కపెట్టబోయి, నాలుగు వేల దగ్గర పోలీసులు పుస్తకం మూసేశారు.