పద్దెనిమిది, పంతొమ్మిది గళ్ల గొడవ

నేను ఒక ప్లైవుడ్ బోర్డును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. ఒంటి నిండా మూలకాల ఆవర్తన పట్టిక, నెత్తిన దాత పేరు. హైడ్రోజన్ కంటే దాతగారే పెద్దక్షరాల్లో ఉంటారు. పదకొండేళ్లు ఒక సర్కారు బడి పదో తరగతి గోడకు వేలాడాను. నోరు లేదు కాబట్టి అన్నీ దిగమింగాను. ఇక నా వల్ల కాదు, ఒళ్లు మండిపోతోంది. చెబుతాను, వినండి.

నన్ను రాసినవాడు పెయింటర్ కొమురయ్య. ఆ ఊళ్లో సగం దుకాణాల పేర్లు, ఇంటి తలుపుల మీది నంబర్లన్నీ అతని చేతివే. బడివాళ్లిచ్చిన కాగితం చూసి నీటుగా రాసుకుంటూ వచ్చి, పద్దెనిమిదో గడి దగ్గర కుంచె ఆపాడు. ఆర్గాన్‌కు ద్రవ్యరాశి 39.95. పక్కన పంతొమ్మిదో గడిలో పొటాషియంకు 39.10. తలుపుల నంబర్లు వరుసగా వేసి వేసి అలవాటుపడ్డ మనిషి కదా, ఈ వెనకడుగు మింగుడుపడలేదు. కాగితం రాసినాయన కునికిపాటు పడి ఉంటాడని జాలిపడి, రెండు అంకెలనూ అటుది ఇటు, ఇటుది అటు చేశాడు. అలాంటివి కనిపించిన ప్రతిచోటా అదే మరమ్మతు చేశాడు. చివరికి కింద మూలన ‘కొమురయ్య ఆర్ట్స్’ అని గొప్పగా సంతకం పెట్టాడు. అతని మీద నాకు పెద్దగా కోపం లేదు. తనకు తెలిసిన పని తాను శ్రద్ధగా చేశాడు.

నా కోపమంతా చదువు చెప్పడానికి జీతం తీసుకునే దామోదర్ సారు మీద. పరమాణు సంఖ్య అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క. అదే మూలకానికి అసలు గుర్తు, ఒక్కటి అటూ ఇటూ అయితే మూలకమే మారిపోతుంది. బరువు సంగతి వేరు. దానికి న్యూట్రాన్లు కూడా తోడవుతాయి. ఆర్గాన్‌లో ఎక్కువ పరమాణువులకు ఇరవై రెండు న్యూట్రాన్లుంటే, పొటాషియంలో ఎక్కువవాటికి ఇరవయ్యే. అందుకే వరుసలో ముందున్నా ఆర్గానే బరువు. పాఠ్యపుస్తకం తిప్పితే తెలిసే ముక్క ఇది. సారు తిప్పలేదు. పదకొండేళ్లు బెత్తంతో నా గళ్ల మీద కొట్టి తప్పును పిల్లల చేత వల్లె వేయించాడు. సీసం దాటాక నా కింది గళ్లలో ఉన్నవాటికి నిలకడ లేదు, ఎవరూ ముట్టుకోకుండానే వాటంతట అవే విరిగిపోతాయి. నాకంటే అవే నయం, లోపలున్నది బయటపెడతాయి.

ఈ ఏడు కథ అడ్డం తిరిగింది. జిల్లా గురుకుల కాలేజీలో బడికొక సీటు ఇస్తామన్నారు. ఫీజు లేదు, తిండి, వసతి ఉచితం. బడిలో పరీక్ష పెట్టి, ఫస్టు వచ్చినవాళ్లను పంపాలి. కొమురయ్య కూతురు రజితకు ఆ సీటు తప్ప వేరే దారి లేదు. ఫ్లెక్సీలొచ్చి తండ్రి కుంచె ఎండిపోయింది, తల్లి బీడీలు చుడుతుంది. సీటు రాకపోతే రజిత కూడా బీడీల చాట ముందేసుకుని కూర్చోవాల్సిందే.

ఆర్గాన్, పొటాషియంలలో ఏది బరువని ప్రశ్న వచ్చింది. రజిత న్యూట్రాన్లు లెక్కగట్టి మరీ ఆర్గాన్ అని రాసింది. సున్నా. నన్ను చూసి పొటాషియం అని రాసిన పిల్లవాడు ఒక్క మార్కు తేడాతో ఫస్టు. ఇదేంటని అడిగితే సారు నా మీద బెత్తం పెట్టి నవ్వాడు.

“గీ బోర్డు మీ నాయిన రాసిందే గదనే. ఇంటికి పోయి ఆయిన్నే అడుగు.”

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల మూలనున్న సంతకం వైపు చూసి తల వంచుకుంది. తండ్రి పరువు కోసం నోరు మూసుకుంటుందేమోనని నాకు గుబులు పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కొమురయ్య రంగు డబ్బాతో వచ్చాడు. కూతురు రాత్రే పుస్తకం ముందు పెట్టి తప్పు చూపించిందట. పిల్లలందరి ముందూ నిలబడి చెప్పాడు.

“తప్పు నాదే సారూ. అంకె పెరుగుతాంటే బరువు గూడ పెరగాలె గదాని నేనే మార్చిన. నా బిడ్డ మార్కు నా బిడ్డకియ్యుండ్రి.”

ఫస్టు వచ్చినవాడి పేరు రాసిన కాగితం పొద్దున్నే జిల్లా ఆఫీసుకు పంపేశానని, ఇప్పుడు చేసేదేమీ లేదని సారు తేల్చేశాడు. పచ్చి అబద్ధం. ఆ కాగితం బల్ల మీద హాజరు పట్టీ కింద నుంచి అంచు బయటపెట్టి కనబడుతూనే ఉంది. నాకు నోరుంటే ఊరంతా వినబడేలా అరిచేదాన్ని. రజిత మాత్రం అరవలేదు. నడుచుకుంటూ వెళ్లి కాగితం లాగి సారు ముందు పెట్టింది.

“ఇంక పోలే సార్. ఈడనే ఉన్నది.”

నలభై మంది పిల్లలు చూస్తుండగా సారు చెమట తుడుచుకుని ఎర్ర పెన్ను తీశాడు. ఇద్దరి పేపర్లూ మళ్లీ దిద్ది పేరు మార్చాడు. ఆ నిమిషంలో నా కడుపు నిండింది, ఎందుకు దాచాలి?

కొమురయ్య స్టూలెక్కి నా అంకెలన్నీ సరిచేశాడు. తన సంతకం కింద ఇంకో వాక్యం రాశాడు: ‘పదకొండేళ్లు ఇక్కడ తప్పు ఉండింది. రాసింది నేను. పట్టుకున్నది పదో తరగతి రజిత.’

ఇన్‌స్పెక్షన్‌కు అధికారులొస్తే ఆ వాక్యం చదువుతారని బడివాళ్లకు భయం పట్టుకుంది. వారం తిరగకుండానే నన్ను దింపి, విరిగిన బెంచీల వెనక గోడవైపు ముఖం పెట్టి నిలబెట్టారు. తప్పు మోసినన్నాళ్లూ నన్ను రోజూ తుడిచారు.