ఓపల్‌కు ఏ పెట్టె కొనాలి

మిస్సోరీలోని ఆ చిన్న ఊళ్ళో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లులు పాతికమంది దాకా ఉంటారు. ఏ బిడ్డకు ఏడాది పాఠాలన్నీ ఉండే ఏ పుస్తకాల పెట్టె కొనాలన్నా అందరూ కోరలీ దగ్గరికే వస్తారు. ఫలానా వాళ్ళ లెక్కలు బాగుంటాయి, ఫలానా వాళ్ళ చరిత్ర చప్పిడి కూడు అని ఆమె అన్నదంటే ఇక తిరుగులేదు. పెట్టెలు కొనే మే నెలలో ఆమె కాళ్ళు నేలమీద ఆనవు.

ఈ ఏడు ఆమె సొంత కూతురు ఓపల్‌కే అయిదో తరగతి పెట్టె కొనాలి. అందులో కథల పుస్తకాలే పద్దెనిమిది, అన్నీ పిల్ల తనంతట తాను చదువుకునేవి. కొనేముందు పిల్లచేత ఒక పేజీ చదివించి చూడమని అమ్మేవాళ్ళే నమూనా పంపుతారు. ఊరందరికీ ఆ పరీక్ష పెట్టమని చెప్పే కోరలీ తన ఇంట్లో ఎన్నడూ పెట్టలేదు. ఈసారి పెట్టిందంటే అది అత్తగారి నోరు మూయించడానికే.

అత్తగారు నాడీన్ ముప్పై ఏళ్ళు బళ్ళో రెండో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఓపల్‌కు ఏడేళ్ళప్పుడే అడిగింది, "ఇంకా అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాలేదేంటమ్మా?" అని.

"తొందరపెడితే చదువంటేనే విసుగుపుడుతుంది అత్తయ్యా. వచ్చేటప్పుడు అదే వస్తుంది."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

అప్పట్నుంచి ఆదివారం భోజనాలు నడుస్తున్నాయి గానీ మాటలు ముళ్ళమీద నడుస్తున్నాయి.

మంగళవారం పొద్దున వంటింటి బల్ల మీద కోరలీ ఆ పేజీ పెట్టింది.

"ముందు నువ్వోసారి చదువమ్మా," అంది ఓపల్. ఆ ఇంట్లో పద్ధతి అదే. తల్లి గొంతెత్తి చదువుతుంది, పిల్లలు విని తిరిగి చెబుతారు. ఓపల్ చెబుతుంటే ఒక్క మాట పొల్లు పోదు, వింటూ కోరలీ మురిసిపోయేది.

"ఇవాళ నేను చదవకూడదట. నువ్వే."

ఓపల్ పేజీలోని బొమ్మ వంక చూసింది. "ఒక పెద్ద నది. తెల్లారకముందే ఒకతను పడవ విప్పాడు..." అని ఎంతో చక్కగా మొదలుపెట్టింది. పేజీలో రాసి ఉన్నది మేకలమ్ముకునే ముసలమ్మ సంగతి.

కోరలీ మొదటి మాట మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

ఓపల్ తల దించుకుంది.

"మరి రోజూ మధ్యాహ్నం గదిలో కూచుని చదివేవన్నీ?"

గిన్నెలు తోమే తొట్టి దగ్గర ఏడేళ్ళ చెల్లెలు ఐవీ తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. "నేను చదివి పెడతానమ్మా," అంది చివరికి. "అక్కేమో నా వంతు గిన్నెలు తోముతుంది."

పదేళ్ళు దాటిన పిల్ల, తన పక్కనే కూచుని, తనకే తెలియకుండా! పిల్లమీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఓపల్‌ను దగ్గరికి లాక్కుంది.

"నీ తప్పేం లేదు తల్లీ. సిగ్గుపడాల్సిందీ లేదు. మొదట్నుంచి మొదలుపెడదాం."

"ఎవరైనా అడిగితే?"

"ఉన్నదే చెబుదాం. ఆదివారం నానమ్మనీ అడుగుదాం. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని దారిలో పెట్టిందో ఆవిడ." ఆ ఒక్క మాట అనడం కోరలీకి కష్టమే, అయినా అంది. ఓపల్ తల్లి భుజంలో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

శనివారం చర్చి హాల్లో పాత పుస్తకాల అమ్మకం. చదవడం నేర్పే మొదటి మెట్టు పెట్టె ఒకటి దొరికింది. ఓపల్ దాన్ని రెండు చేతులా పట్టుకుని తల్లి పక్కన నిలబడింది. అంతలో కెండ్రా అనే చిన్నావిడ పరుగున వచ్చింది.

"అక్కా, మావాడికి ఏడేళ్ళొచ్చినా ఒక్క ముక్క చదవడు. మీరు ఆగమన్నారని ఆగుతున్నా. ఓపల్ కూడా ఆలస్యంగానే మొదలెట్టి ఇప్పుడు దంచేస్తోందటగా!" అంటూనే పెట్టె వంక చూసింది. "ఇదెవరికి?"

పక్క బల్లల దగ్గర నలుగురు తల్లులు ఇటు తిరిగారు.

"చిన్నదానికి," అంది కోరలీ. "ఐవీకి."

"హమ్మయ్య! అయితే నేనింకో ఏడాది ఆగొచ్చంటారా?"

"ఆగు, పర్లేదు," అంది కోరలీ.

కారు ఊరు దాటింది. ఓపల్ ఒళ్ళో పెట్టెను బోర్లించి పెట్టుకుంది. తర్వాత, ఇంట్లో ఏదో పని పురమాయిస్తే ఎలా చేయాలో అడిగినట్టు మామూలుగా అడిగింది.

"రేపు నానమ్మకి కూడా ఐవీకనే చెప్పనా అమ్మా?"

కోరలీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఆఁ. అలాగే చెప్పు తల్లీ," అంది.