నడుమ కట్టుకున్న తాడు

ఏటా ఆగస్టు రాగానే జెనీవా నుంచి ఓర్టాన్స్ మేడమ్ దిగేది. సెవెరిన్ ఆవిడని క్రుమ్‌హోర్న్ శిఖరం ఎక్కించేవాడు. అది అతని వృత్తి. ఆ సంగతి భార్య ఫిలోమినాకి తెలియక కాదు. అయినా ఒకరు జారితే ఒకరు ఆపేలా ఆ ఇద్దరూ నడుములకి ఒకే తాడు కట్టుకుని, మంచు మీద పక్కపక్కన రెండు చుక్కల్లా కనబడితే చాలు, ఆమెకి ఒళ్ళు మండిపోయేది. కొండ కిందే పుట్టి పెరిగిన తనని అతను ఒక్కసారీ పైకి రమ్మనలేదు.

ఆ ఏడు ఆమె కూడా బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తున్నా."

"ఆవుల పాలెవరు పిండుతారే?"

"మీ అమ్మ పిండుతుంది. ఏం, ముగ్గురికి తాడు చాలదా?"

మేడమ్ నవ్వి సరేనంది. ముందు సెవెరిన్, చివర మేడమ్. మధ్యలో తనే పట్టుబట్టి కట్టుకుంది ఫిలోమినా. దారి పొడుగునా వెనక్కి తిరిగి ఆవిడనే కాపలా కాసింది.

శిఖరం మీద మేడమ్ చాక్లెట్ విరిచి సగం సెవెరిన్ చేతిలో పెట్టింది. "ప్రతిసారీ ఇక్కడ ఇదే మా భోజనం," అంది. అతను తన వాటాలో ముక్క భార్యకివ్వబోయాడు.

"నాకక్కర్లేదు. మీరిద్దరూ తినండి."

దిగేటప్పుడు మేడమ్ ముందు నడిచింది, సెవెరిన్ పైన ఉన్నాడు. రాతి అంచు మీద ఆవిడ కాలు జారింది.

"ఫిలో, రాయి పట్టుకో!"

ఫిలోమినా రాయిని వాటేసుకుంది. తాడు నడుముని కోసేస్తున్నా వదల్లేదు. సెవెరిన్ దిగి మేడమ్‌ని పైకి లాగాడు. లాగి, ముందు ఆవిడ చీలమండే తడిమి చూశాడు. ఫిలోమినా దోక్కుపోయిన అరచేతుల్ని గౌను మడతల్లో దాచుకుంది.

అతను తాడు సర్దుతుంటే మేడమ్ మెల్లగా అంది: "ఎక్కేటప్పుడు అడుగడుక్కీ నీకోసం వెనక్కి చూశాడు. ఇన్నేళ్ళలో నన్నలా చూసిన పాపాన పోలేదు. నువ్వంటే కుళ్ళుగా ఉంది ఫిలోమినా."

ఫిలోమినా తెల్లబోయింది. తను అటు చూస్తేగా!

మరుసటి ఆగస్టులో మేడమ్ వేరే గైడ్‌ని పెట్టుకుంది.

"నిరుడు నాతో వచ్చి కాలు జారిందని బెదిరిందేమో పాపం," అన్నాడు సెవెరిన్.

"నీకెందుకంత బెంగ?" అంటూనే బూట్లు తొడుక్కుంది ఫిలోమినా.

ఇద్దరే ఎక్కారు. మంచువాలు మీద అతను ఆగి వెనక్కి తిరిగాడు. "బానే ఉన్నావా?"

"ముందు చూసి నడువయ్యా, పడతావు!" అందామె, మొహమంతా నవ్వుతో.