గడగడ చదివే పిల్ల

బుచ్చిరెడ్డిపాలెంలో జాకెట్లు కుట్టే దిల్షాద్‌కు అక్షరం ముక్క రాదు. పిల్లచేత రోజూ ఇంట్లో పైకి చదివించమని, పక్కన కూర్చుని వింటే చాలని బడిలో టీచరమ్మ చెప్పింది. అప్పటినుంచి నాలుగో తరగతి చదివే కూతురు నిషాత్ పుస్తకం తెరవగానే దిల్షాద్ కుట్టుమిషను ఆపేసి వినేది. పిల్ల గడగడ చదువుతుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

ఆ సాయంత్రం జాకెట్ కోసం వచ్చిన వినీల గుమ్మంలో నిలబడి కాసేపు విని, నిషాత్ భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూసింది.

“దిల్షాదక్కా, నీ కూతురు గడుసుదే! ఇందులో ఉండేది ఒక కథ, ఇది చెప్పేది ఇంకోటి. బొమ్మలు చూసి సొంతంగా అల్లేస్తా ఉంది,” అని పకపకా నవ్వింది.

ఆమె జాకెట్ తీసుకుని వెళ్ళిపోయాక దిల్షాద్ కూతురి ముందు కూలబడింది.

“ఎందుకే నన్ను మోసం చేసినావు?”

“మొదట్లో కూడబలుక్కుంటానే చదివినాను కదమ్మా. ఆగినప్పుడల్లా నాకు చదువు రాలేదని ఏడ్చినావు. ఆగకుండా చెప్తే ముద్దు పెట్టుకున్నావు.”

దిల్షాద్ పుస్తకాన్ని కూతురి ముందుకు జరిపింది. “ఆగినా ఏమీ అననులే. నిజంగా చదువు,” అంది.

నిషాత్ మొదటి మాట మీద వేలు పెట్టింది. తడబడుతూ, ఒక్కో అక్షరమూ కలుపుకుంటూ దాన్ని పలికి, తలెత్తి అడిగింది.

“ఇది కరెక్టేనా అమ్మా?”

దిల్షాద్ ఆ మాట వంక ఎంత చూసినా, అవునో కాదో ఆమెకు తెలియలేదు. పిల్ల వేలు అక్కడే ఆగిపోయింది.