అందరికంటే చవక

పొకువా వాళ్ళ నాన్నకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, నిద్ర తప్ప. ఇంట్లో తగవు మొదలవగానే ఆయనకు కళ్ళు మూతలు పడతాయి. గొంతులు చల్లారాకే మెలకువ వస్తుంది. అలాంటి మనిషి కుమాసీ ఊళ్ళో సగం చావులకు కుర్చీలూ షామియానాలూ అద్దెకిచ్చే వ్యాపారం ఎలా నడిపాడని అడిగితే, ఆయన నడపలేదనేదే జవాబు. తల్లి పోయిన దగ్గర్నుంచీ నడుపుతున్నది పొకువా.

కానీ వాళ్ళ అసాంతే తెగ ఇళ్ళల్లో మేనమామ సంపాదన మేనల్లుడికి చెందుతుంది. ఆ మేనల్లుడు న్యార్కో, పొకువా మేనత్త కొడుకు. పెద్దాయన ఆచారాన్ని కాదనలేడు, కూతురి మొహంలోకీ చూడలేడు. అందుకని ఇద్దరికీ ఫీజు కట్టి యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులకు పంపాడు. "వ్యాపార వ్యూహం పాఠం చెప్పే ఆయన ఎవరి ఆలోచన మెచ్చుకుంటే గోదాం తాళాలు వాళ్ళకే," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాఠం చెప్పే ఆయన పేరు డాక్టర్ జాంఫీ. "దారులు రెండే," అన్నాడు మొదటి రోజే. "అందరికంటే చవకగా అమ్మండి. లేదా ఇంకొకరి దగ్గర దొరకనిది అమ్మండి. రెండూ కావాలని నడిరోడ్డు మీద నిలబడ్డవాణ్ణి ట్రోట్రో వ్యాను గుద్దేస్తుంది. ఏ దారి పట్టాలో తెలియాలంటే, కొనేవాడికి నిజంగా కావలసిందేమిటో ముందు అడగండి."

ఆ చివరి మాట పొకువా రాసుకుంది. న్యార్కో అప్పటికే పుస్తకం మూసేశాడు.

టర్ము చివర ఇద్దరూ ఒకే వ్యాపారం గురించి క్లాసు ముందు నిలబడి చెప్పారు. న్యార్కో చవక దారి పట్టాడు. పొకువా రెండోది పట్టింది.

"చావింటివాళ్ళు మన దగ్గర కొనేది కుర్చీ కాదు, పరువు," అంది. "మేం పోయినవాళ్ళకు ఏ లోటూ చెయ్యలేదని ఊరంతా అనుకోవాలి. తెల్లారేసరికి కడిగిన కుర్చీలు వేసి ఉండాలి. చుట్టూ నల్లగుడ్డలు ఇస్త్రీ చేసి కట్టి ఉండాలి. అలాంటిచోట ధర తగ్గించామని చెప్పడం వాళ్ళకు మేలు కాదు, అవమానం."

"కూర్చునేది ఏడవడానికి మరదలా," అన్నాడు న్యార్కో కింద కూర్చునే. "ఏడుపుకి ఇస్త్రీ ఎందుకు?"

క్లాసంతా పగలబడి నవ్వింది. డాక్టర్ జాంఫీ కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వించినవాడికే ఎక్కువ మార్కులు వేశాడు. ఆ సాయంత్రమే తాళాలు న్యార్కో నడుముకు చేరాయి. పొకువా నాన్న మాత్రం హాయిగా గురక పెడుతున్నాడు.

శుక్రవారం పొకువా గోదాంకు వెళ్ళేసరికి లోపల రంగు వాసన. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్లటి అక్షరాలు, తాటికాయంతవి: ఊళ్ళో అందరికంటే చవక.

"బావా, రేపు పెద్దావిడ నానా అఫ్రా వాళ్ళ అక్క చావు. ఇవే వేస్తావా?"

"ప్రచారం. ఊరికే వస్తుంది. నీకు అర్థం కాదులే, ఫుఫూ దంచుకో పో."

ఆమె ఇంటికెళ్ళి ఉడికిన దుంపలు రోట్లో వేసి నిజంగానే ఫుఫూ దంచింది, ఆ రోజు కాస్త గట్టిగానే.

శనివారం ఊరంతా నలుపూ ఎరుపూ బట్టల్లో దిగింది. వచ్చినవాళ్ళు కూర్చున్నారు, ఎదుటి వరస వీపులు చదివారు, పక్కవాళ్ళను మోచేత్తో పొడిచారు. ముందు నవ్వులు, ఆ తర్వాత దగ్గులు వినిపించాయి. నానా అఫ్రా కర్ర పట్టుకుని వరసల మధ్యకు వచ్చి ఆగిపోయింది.

"ఒరేయ్! మా అక్కను చవగ్గా సాగనంపుతున్నామని ఊరందరికీ చదివి వినిపిస్తున్నావట్రా?"

"అది వ్యూహం నానా, యూనివర్సిటీలో..." అని న్యార్కో వరసల్లోకి చెయ్యి చూపించాడు. నల్లబట్టల్లో వచ్చి కూర్చున్న డాక్టర్ జాంఫీ చేతిలో ఉన్న విసనకర్రను చటుక్కున మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"లేవండి అందరూ!" అంది ముసలావిడ. "ఈ కుర్చీల్లో ఎవరైనా కూర్చుంటే వాళ్ళు మా చావుకు వచ్చినట్టు కాదు."

జనం లేచారు. పొకువా నాన్న మటుకు చివరి కుర్చీలో కళ్ళు మూసుకునే ఉన్నాడు, కానీ రెప్పలు అదురుతున్నాయి. ఈ రోజుతో ఇక కుమాసీలో తమను ఏ చావుకూ పిలవరని ఆయనకు నిద్రలో కూడా తెలుసు.

న్యార్కో పొకువా దగ్గరికొచ్చాడు. "ఏదో ఒకటి చెయ్యవే."

షామియానాల చుట్టూ వేలాడుతున్న పొడుగాటి నల్లగుడ్డలు ఆమెకు ఎప్పుడో కనిపించాయి. విప్పి వరస వరసకూ వీపుల మీద పరిస్తే చాలు, అక్షరాలు మాయమవుతాయి. ఎండ కాస్త తగులుతుంది, అంతే. ఆ ఆలోచన వచ్చి చాలాసేపైంది. ఆమెకు తొందరేమీ లేదు. తలగుడ్డ సర్దుకుని చెయ్యి చాచింది.

"తాళాలు."

"అవి ఆచారం ప్రకారం నావి."

"అయితే కుర్చీలు కూడా నీవే. మోసుకెళ్ళు."

న్యార్కో నడుము దగ్గర గుత్తి విప్పాడు. ఆమె దాన్ని చేతిలో బరువు చూసుకుంటున్నట్టు ఎగరేసి పట్టుకుంది. పనివాళ్ళకు కళ్ళతో సైగ చేసింది. మొదటి నల్లగుడ్డ కిందికి దిగింది.

"అదొక్కటే చాలదు," అంది నానా అఫ్రా. "రాసింది అందరూ చూశారు. చెరిపేది కూడా అందరూ వినాలి." చదివింపులు అరిచే మనిషి చేతిలోంచి మైకు లాక్కుని న్యార్కో గుండెకు ఆనించింది.

న్యార్కో మేనమామ వైపు చూశాడు. ఆయన కళ్ళు తెరవలేదు.

"పొరపాటు జరిగింది," అన్నాడు న్యార్కో.

"వెనక వరసలకు వినపడలేదు బావా," అంది పొకువా, గుడ్డ మడతలు సరిచేస్తూ. "పైగా పొరపాటు దానంతటది జరగదు."

న్యార్కో మెడ మీద నరాలు పొంగాయి. మైకు కీచుమంది.

"తప్పు నాది! చావింట్లో చవకంటే అవమానమని పొకువా క్లాసులోనే చెప్పింది. నాకప్పుడే అర్థమైంది కూడా. అది చెప్పింది కాబట్టే కాదన్నాను!"