వంశపారంపర్యంగా వచ్చిన బయోటిన్

మా బావకి ఉన్నవి రెండే ఆస్తులు: సెలూనూ, నెత్తిమీద జుట్టూ. సెలూన్ అద్దెది. జుట్టు మాత్రం తమ వంశానిదని చెప్పుకునేవాడు. కుర్చీలో కూర్చున్న ప్రతి బట్టతలకీ కత్తెర ఆడిస్తూ అదే పురాణం. "మా నాన్నకి పోయేదాకా ఒక్క వెంట్రుక ఊడలేదండీ. మందూ లేదు, మాకూ లేదు. రక్తంలో ఉండాలంతే." ఆ నాన్నగారి ఫోటో వాళ్ళింట్లో ఉంది. టోపీతో.

అసలు సంగతి ఏమిటంటే, నలభై దాటగానే బావకి నడినెత్తి పలచబడింది. అప్పట్నుంచీ బయోటిన్ మాత్రలు మొదలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, దువ్వెనలో నాలుగు వెంట్రుకలు ఎక్కువ కనిపిస్తే మధ్యాహ్నం మరొకటి. కొనుక్కొచ్చేది నేను. ఆయన వెళ్తే షాపు పరువు పోతుందట. ఆడవాళ్ళ వైపు కుర్చీ చూసుకునే మరదల్ని నేనుండగా ఆయన పరువుకేం లోటు? మందుల షాపతను డబ్బా చేతికిచ్చి నా జడ వంక జాలిగా చూసేవాడు. "రాలడం ఏమైనా తగ్గిందామ్మా?" అని అడిగేవాడు. "ఇంకా పెరిగింది" అనేదాన్ని, బావ గొప్పలు తలుచుకుని.

ఈ విషయం బయట పెట్టనని అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు. నా చేతా వేయించుకునేవాడే గానీ, నా ఒట్టుకి విలువ లేదని ఆయన అభిప్రాయం.

మొన్నొక మధ్యాహ్నం ఒకాయనకి గడ్డం గీస్తూ గీస్తూ, కత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఛాతీ మీద బండ పెట్టినట్టుందన్నాడు. కుర్చీలో ఉన్నది రిటైరైన హెడ్మాస్టరు. సగం గడ్డంతోనే లేచి, తన కారులో మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చెంప మీద నురగ ఎండిపోయినా తుడుచుకోలేదు పాపం. అక్క ఇంటినుంచి అటే పరుగెత్తుకొచ్చింది.

"మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది. బావ ఒకసారి హెడ్మాస్టరు వంక చూశాడు. "ఏమీ లేవండీ" అన్నాడు. అక్క నేలచూపులు చూసింది. జుట్టు మాత్ర కూడా ఒక మందేనా అని నేనూ ఊరుకున్నాను.

ఈసీజీ అటూ ఇటూ కాకుండా వచ్చింది. గుండెకి దెబ్బ తగిలితే పట్టిచ్చే రక్తపరీక్ష మాత్రం అంతా బాగానే ఉందంది. గ్యాస్ అయి ఉంటుంది, ఇంటికెళ్ళొచ్చంటూ డాక్టరమ్మ కాగితం రాయడం మొదలుపెట్టింది. అక్క అమ్మయ్య అనుకుంది. నేను అనుకోలేకపోయాను. బావ పెదాలు పాలిపోయి ఉన్నాయి, చెయ్యి ఛాతీ మీదనుంచి దిగడం లేదు. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుక.

అప్పుడే హెడ్మాస్టరు ఊరడింపుగా, "నీకేం కాదులేవయ్యా. ఈ వయసులో ఇంత నిండు జుట్టున్నవాడికి గుండె జబ్బేమిటి?" అన్నాడు.

"మా వంశం... అంతేనండీ" అన్నాడు బావ, ఆయాసపడుతూనే.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఊపిరి అందకపోయినా వంశం కావలసివచ్చింది మహానుభావుడికి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వంశం కాదు మాస్టారూ, బయోటిన్. నెలనెలా డబ్బాలు మోసేది నేనే" అన్నాను.

అక్క నా చెయ్యి గిల్లింది. డాక్టరమ్మ రాయడం ఆపేసి, "రోజుకెన్ని? మాత్ర ఎంత పవరుది?" అని అడిగింది. చెప్పాను.

"జుట్టు మాత్రలకీ గుండెకీ ఏం సంబంధమండీ? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతోంది ఇది" అన్నాడు బావ. ఆ సామెత ఆయన ఎత్తకుండా ఉండాల్సింది.

"సంబంధం ఉంది. అది బి విటమిన్లలో ఒకటి" అంది డాక్టరమ్మ. "తిన్నది శక్తిగా మారాలంటే ఒంటికి అది కావాలి. కానీ కావాల్సింది ఇసుమంతే. గుడ్డు పచ్చసొన, వేరుశనగలు, ఏవో గింజలు, మామూలు తిండిలోనే వచ్చేస్తుంది. మీరు మింగేది దానికి కొన్ని వందల రెట్లు. రక్తంలో అంత ఉంటే మా పరీక్షలు కొన్ని మోసపోతాయి. గుండె దెబ్బతిన్నా బాగుందనే చెప్తాయి."

ఆ మాటంటూనే ఫోన్ అందుకుంది. బయోటిన్‌కి మోసపోని మరో పద్ధతిలో పరీక్ష మళ్ళీ చేయమంది. ఆ కంగారులో హెడ్మాస్టరు నా చెవిలో, "ఆ పేరుకి మూలం గ్రీకు మాటమ్మా. అర్థం బతుకు" అన్నాడు. చదువుకున్నవాళ్ళకి ఎప్పుడు ఏది గుర్తొస్తుందో చెప్పలేం. మా బావ మాత్రం ఆ బతుకుని డబ్బాలకి డబ్బాలు మింగి చావు దగ్గరికి వచ్చాడు.

గుండెపోటే. హడావుడిగా లోపలికి తీసుకుపోయి, పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంటికి పంపేసుంటే..." అని ఆగిపోయింది. మిగతాది అక్కకి అర్థమైంది. నా భుజం మీద పడి ఏడ్చింది.

"ఒట్టేశానే. నేనైతే చెప్పేదాన్ని కాదే" అంది. తిడదామనుకున్నాను గానీ, నాకూ ఏడుపొచ్చింది.

బావ ఇంటికొచ్చాడు. ఒంట్లో లోటు లేనివాళ్ళకి ఆ మాత్రలతో జుట్టు రాదని కూడా డాక్టరమ్మ చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ నడినెత్తిని కాపాడింది ఆయన దువ్వెన పనితనమే అన్నమాట. ఆ ఘనత అయినా ఒప్పుకోవచ్చు కదా, ఊహూఁ.

నాతో మాట్లాడటం మానేశాడు. పదిమందిలో పరువు తీశానట. పక్క కుర్చీలో ఉన్న నాతో పనిపడితే ఇంట్లో ఉన్న అక్కకి ఫోన్ చేసి చెప్పిస్తాడు. ఒక్కసారి సారీ చెప్పవే అని అక్క బతిమాలుతోంది. చెప్పను గాక చెప్పను. పొద్దున్నే నేను షాపులో అడుగుపెట్టగానే ఆయన మొహం అటు తిప్పేసుకుంటాడు. తిప్పుకోనీ. తిప్పుకోడానికి మనిషంటూ మిగిలాడు, నాకది చాలు.